సస్పెన్షన్ ఎత్తు పెంచాక పెరిగిన చైన్ స్లైడర్ అరుగుడు ఎట్టా తగ్గింది: గుంటల గట్ల మీద లాంగ్ యూజ్ రివ్యూ

బండి 200 సీసీ అడ్వెంచర్ టైపు, ముందు 21 ఇంచులు వెనక 18 ఇంచుల స్పోక్ వీల్స్, సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ముందు 190 ఎంఎం వెనక 170 ఎంఎం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది బండి మీద రివ్యూ కాదు, దానికి నేను లేత్ షాపులోనూ మెకానిక్ భాయ్ కాడా చేయించుకున్న పనుల మీద రివ్యూ, ముఖ్యంగా చైన్ స్లైడర్ మీద, అంటే చైన్ ఇనుముకి తగలకుండా అడ్డం ఉండే ప్లాస్టిక్ ముక్క. ఏ లాంగ్ ట్రావెల్ బండికైనా ఇదే లెక్క వర్తిస్తుంది.

నా పని ఆక్వా టెక్నీషియన్ పని. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల గుంటలు ఉన్న చోటల్లా తిరగాలి. పొద్దున్నే ఊటుకూరు, రామతీర్థం వైపు పోతే మధ్యాహ్నానికి ఇస్కపల్లి, ఇంకో రోజు మైపాడు దాటి గంగపట్నం, కోరుటూరు. తారు రోడ్డు బకింగ్‌హామ్ కాలువ దాకా బాగానే ఉంటుంది, అది దాటితే సరుగుడు తోటల్లో వదులు ఇసక, ఆ తర్వాత గుంటల గట్లు, వానొస్తే ఆ గట్టు మీద జిగట మన్ను, ఎండాకాలం అదే మన్ను ఎండి ట్రాక్టర్ టైర్ల గాడులు ఇనుములాగా గట్టిపడతాయి. వెనక బాక్సులో శాంపిల్ సామాను, నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు, అప్పుడప్పుడూ 25 కేజీల మేత బస్తా ఒకటి. నేనే 84 కేజీలు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే సస్పెన్షన్ విషయంలో ఎవడి బరువు వాడిదే, ఎవడి దారి వాడిదే, నా సెట్టింగ్ మీకు కుదరకపోవచ్చు.

మొదట వెనక స్ప్రింగు సంగతి. చాలామంది ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే కొంచెం నొక్కి ఉంచే బిగింపు) బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది అనుకుంటారు, గట్టిపడదు అబ్బయా, బండి ఎత్తు మారుతుంది అంతే, స్ప్రింగు అదే స్ప్రింగు. కొలిచే పద్ధతి ఈజీ. వెనక చక్రం గాల్లో వేలాడేటట్టు బండిని ఎత్తి యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవాలి. తర్వాత బండి దాని బరువు మీద అది నిలబడ్డప్పుడు ఒకసారి, చివరికి మనం రోజూ ఏ సామానుతో తిరుగుతామో ఆ సామానుతో ఎక్కి కూర్చున్నాక ఇంకోసారి. మొదటి కొలతలోంచి చివరి కొలత తీసేస్తే వచ్చేది రైడర్ సాగ్, అంటే మనం ఎక్కితే వెనక ఎంత దిగిందో అది. మొత్తం ట్రావెల్‌లో మూడో వంతుకి కాస్త తక్కువగా ఉండాలి, అంటే 170కి 50 నుంచి 55 ఎంఎం. నాకు స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సెట్టింగ్‌లో 70 దాటింది. ప్రీలోడ్ చివరిదాకా బిగిస్తే 55కి వచ్చింది కానీ అప్పుడు బండి దాని బరువుకి అది దిగేది దాదాపు సున్నా అయిపోయింది, ఖాళీ బండిని గతుకుల్లో తోలితే వెనక చక్రం ఎగిరెగిరి కొడతా ఉంది. రైడర్ సాగ్ సరిపోయి ఖాళీ బండి సాగ్ మాయమైపోతే స్ప్రింగు మన బరువుకి మెత్తగా ఉందని లెక్క. కాబట్టి ఒక మెట్టు గట్టి స్ప్రింగు తెప్పించి వేయించా. ఈ డబ్బులకి మాత్రం నూటికి నూరు మార్కులు, ఇది చేయించకుండా వేరే ఏం చేయించినా దండగే.

తర్వాత ఎత్తు. మోనోషాక్ (వెనక ఒక్కటే ఉండే షాక్ అబ్జార్బర్) కింద ఉండే లింకు పట్టీలు కాస్త పొట్టివి చేయించి వేస్తే వెనక భాగం లేస్తుంది, నాకు చక్రం కాడ ఇంచు పైనే లేచింది. అన్ని బండ్ల లింకు ఒకేలాగా ఉండదు, కొన్నిట్లో పొడుగు చేస్తే లేస్తుంది, చూసుకుని చేయించండి. వెనక ఒక్కటే లేపితే హ్యాండిల్ కోణం నిటారుగా అయి కోవూరు నుంచి కావలి వైపు హైవే మీద ఎనభై తొంభైలో ముందు చక్రం తేలిపోతున్నట్టు ఉంటుంది, అందుకని ఫోర్కులు క్లాంపుల్లో ఎంత కిందికి జారితే అంత జార్చి ముందు కూడా లేపాం. ఫోర్కులో ఆయిల్ 10 నంబర్ నుంచి 15కి మార్చి, స్ప్రింగు పైన పీవీసీ పైపు ముక్క స్పేసర్‌గా పెట్టాం, ఇది ప్రతి గ్యారేజీలో చేసేదే. గతుకుల్లో పడ్డప్పుడు టప్‌మని కొట్టుకోవడం పోయింది, కంకర రోడ్డు మీద మాత్రం చేతులకి సన్న వణుకు వస్తుంది, అది ఇప్పటికీ ఉండాది. ఫోర్కుకి రబ్బరు గైటర్లు (తొడుగులు) తప్పనిసరి, ఉప్పు గాలికి రాడ్డు మీద చుక్క తుప్పు పడితే ఆయిల్ సీలు వారం ఆగదు.

సైడ్ స్టాండు కూడా పొడిగించాలి, లేకపోతే బండి మరీ వాలిపోయి ఇసకలో పడుకుంటుంది. వెడల్పు పట్టీ వెల్డింగ్ చేయించండి.

ఇంతవరకు యూట్యూబ్‌లో అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది దీని తర్వాత మొదలవుతుంది, అదే చైన్ స్లైడర్. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) ముందు భాగంలో, పివట్ అంటే అది ఊగే కీలు కాడ, నల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి చైన్‌కీ ఆర్మ్‌కీ మధ్య ఉంటుంది చూడండి. బండి లేపితే స్వింగ్ ఆర్మ్ మామూలు కంటే ఎక్కువ కిందికి వాలి ఉంటుంది, దాంతో పైన పోయే చైన్ పివట్ మీద వంగి ఆ ప్లాస్టిక్‌ని నొక్కుకుంటా పోతుంది. యాక్సిలేటర్ ఇచ్చినప్పుడల్లా పై చైన్ తీగలాగా బిగుస్తుంది కాబట్టి నొక్కుడు ఇంకా ఎక్కువ. దీనికి తోడు ఇసకలో గుంజుడు కోసం ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) ఒక పన్ను తక్కువది వేస్తారు చూడండి, అది చిన్నది అయ్యేసరికి చైన్ ఇంకా కిందికి దిగుతుంది, అంటే రెండు వైపుల నుంచీ దెబ్బ. పైగా మా దారిలో చైన్ మీద ఎప్పుడూ ఇసక ఉంటుంది, అంటే నడిచే ఆకురాయి అన్నమాట. స్లైడర్ తెగిపోతే చైన్ నేరుగా స్వింగ్ ఆర్మ్ ఇనుముని కోస్తుంది, ఆర్మ్ ధర కనుక్కుంటే నిద్ర పట్టదు.

ఒక తమాషా ఏందంటే మేత బస్తా వేసుకున్న రోజు అరుగుడు తక్కువ, ఒక్కడినే తిరిగిన రోజు ఎక్కువ. బరువుకి వెనక దిగితే ఆర్మ్ అడ్డంగా అవుతుంది, చైన్ ప్లాస్టిక్ మీద నుంచి లేస్తుంది. స్లైడర్ మీద గీతలు చూస్తేనే ఆ వారం ఎట్టా తిరిగామో తెలిసిపోతుంది.

దీనికి మందు నాకు దొరికింది మంచు బండ్ల వాళ్ళ కాడ. స్నోమొబైల్ అంటారే, ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాకు, కెనడాలో అమెరికాలో చలికాలం అంతా వాటి మీదే. నేను మంచు చూసింది రొయ్యల పట్టుబడికి వచ్చే ఐసు దిమ్మలే, కానీ వాళ్ళ బాధ చూస్తే అచ్చం నా బాధే. ట్రాకు లోపల రెండు అల్యూమినియం పట్టాలు ఉంటాయి, వాటి అడుగున ప్లాస్టిక్ స్లైడులు, వాళ్ళు హైఫాక్స్ అంటారు, ట్రాకుకి ఉండే స్టీలు క్లిప్పులు దాని మీద రుద్దుకుంటా తిరుగుతాయి. మెత్తటి మంచు ఉంటే అదే లూబ్రికెంటు, అదే చల్లబరిచేది కూడా. గట్టి ఐసు మీదో ఉత్త రోడ్డు మీదో తోలితే మంచు లోపలికి చిమ్మదు, స్లైడు వేడెక్కి కరిగిపోతుంది. సస్పెన్షన్ సెట్టింగ్ మారిస్తే ట్రాకు ఏ చోట ఎక్కువ నొక్కుతుందో కూడా మారుతుంది, పట్టా వంపు తిరిగే చోట మొదట అరుగుతుంది. వాళ్ళు ఏం చేస్తారంటే రుద్దుడు తగ్గడానికి అదనంగా చక్రాలు బిగిస్తారు, మంచుని గీరి పైకి చిమ్మే స్క్రాచర్లు పెడతారు, ట్రాకు టెన్షన్ సరిగ్గా కొలిచి పెట్టుకుంటారు. చక్రాలూ టెన్షనూ నాకు పనికొచ్చేవే, స్క్రాచర్లకి మాత్రం ఇక్కడ మంచు లేదు.

మొదట మెటీరియల్. ఆ హైఫాక్స్ చేసేది యూహెచ్ఎండబ్ల్యూ పాలిథిలిన్ అనే ప్లాస్టిక్‌తో. అంత దూరం నుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు, బొగ్గు, ఖనిజం జారే కన్వేయర్ చూట్లలో లోపల లైనర్‌గా వేసేది కూడా ఇదే, కృష్ణపట్నం వైపు కన్వేయర్ పనులు చేసే ఒకతని కాడ మిగులు ముక్క దొరికింది. లేత్ షాపాయన ముందు నైలాన్ వేద్దాం అన్నాడు. నైలాన్ గట్టిదే గానీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, చైన్ తగిలితే టకటకమని చప్పుడు కూడా ఎక్కువ. యూహెచ్ఎండబ్ల్యూ నీళ్ళు పీల్చదు, ఇసక రుద్దుడికి బాగా ఓర్చుకుంటుంది. దాని లోపం ఏందంటే ఏ జిగురూ దానికి అంటదు, కాబట్టి స్క్రూలతోనే బిగించాలి, స్క్రూ తలలు ప్లాస్టిక్ లోపలికి బాగా దిగేటట్టు గుంట తీయాలి, లేకపోతే ప్లాస్టిక్ కొంచెం అరగ్గానే చైన్ స్క్రూ తలల్ని కొడుతుంది. 130 డిగ్రీలు దాటితే కరుగుతుంది, చైన్ కాడ అంత వేడి పుట్టదు లెండి, కనీసం నాకు ఎప్పుడూ కరిగిన ఆనవాళ్ళు కనపడలేదు. పాత స్లైడర్ షేపులోనే కోయించి, పివట్ పైన వంపు కాడ మాత్రం మందం రెండు ఎంఎం పెంచా, స్నోమొబైల్ వాళ్ళ వంపు పాఠం అదే. అంతకంటే మందం పెంచితే చైన్ ఎప్పుడూ దాని మీదే స్వారీ చేస్తుంది.

రెండోది చక్రం. కింది చైన్ వదులుగా ఊగి ఆర్మ్ అడుగుని కొట్టకుండా ఫ్రేముకి ఒక రోలర్ పెట్టించా, లోపల సీల్డ్ బేరింగు. బేరింగు ఉప్పుకి తొందరగా పోతుంది, చేత్తో తిప్పితే గరగర అంటే మార్చేయడమే, చవకది.

మూడోది చైన్ లూజు, అసలు ఆయువుపట్టు ఇదే, దీని మీద మెకానిక్ భాయ్‌కీ నాకూ పెద్ద వాదన జరిగింది. మాన్యువల్‌లో రాసిన లూజు స్టాక్ ఎత్తుకి రాసింది. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక యాక్సిల్, ఈ మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే టైటుగా ఉంటుంది. బండి లేపాక నిలబడి ఉన్నప్పుడు ఆర్మ్ ఆ గీతకి ఇంకా దూరంగా ఉంటుంది కదా, అప్పుడు మాన్యువల్ నంబరు చూసి బిగిస్తే గతుకులో పడి సస్పెన్షన్ దిగినప్పుడు చైన్ సాగదీసినట్టు అయిపోతుంది. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ బేరింగూ, దాని సీలూ, వెనక చక్రం బేరింగూ అన్నీ ఆ దెబ్బ తింటాయి. భాయ్ ఏమో లూజు ఉంటే చైన్ ఊడిపోతుంది అంటాడు. చివరికి ఏం చేశామంటే లగేజీ కట్టే రాట్చెట్ బెల్టుతో వెనక భాగాన్ని కిందికి లాగి మూడూ ఒక గీతకి తెచ్చి, ఆ టైటు పాయింటులో రెండు వేళ్ళతో ఆడేంత లూజు ఉంచి, బెల్టు వదిలేసి, అప్పుడు బండి మామూలుగా నిలబడ్డప్పుడు ఎంత లూజు వచ్చిందో కొలిచి ఆర్మ్ మీద పెయింటుతో రాసి పెట్టాం. ఇప్పుడు బెల్టు అక్కర్లేదు, ఆ నంబరే నా మాన్యువల్. చూసేవాళ్ళకి చైన్ వేలాడతా ఉన్నట్టు ఉంటుంది, పెట్రోల్ బంకులో ఎవడో ఒకడు అన్నా చైన్ లూజు అంటాడు, సరే తమ్ముడూ అని వచ్చేయడమే.

చైన్‌కి ఏం పూయాలి అనేది ఇంకో గొడవ. జిగురుగా ఉండే స్ప్రేలు తారు రోడ్డుకి బాగుంటాయి, ఇసకలో వద్దు, ఇసక అంటుకుని పేస్టు అయిపోయి స్లైడర్‌నీ స్ప్రాకెట్‌నీ కలిపి నూరుతుంది. నేను 90 గేర్ ఆయిల్ గుడ్డతో పల్చగా రాసి, మిగిలింది మళ్ళీ పొడి గుడ్డతో తుడిచేస్తా. సాయంత్రం ఇంటికి రాగానే మంచి నీళ్ళతో ఉప్పు కడగాలి, మామూలు పైపు చాలు, ప్రెషర్ వాష్ బేరింగుల మీదకి పెట్టొద్దు. ఓ రింగ్ చైన్‌ని కిరసనాయిలుతో కడగొచ్చు, పెట్రోలు వద్దు, ఇనప బ్రష్షు అసలే వద్దు.

ఫలితం ఎట్టుందంటే, ఎత్తు పెంచిన కొత్తలో కంపెనీ స్లైడర్ మీద ఒక్క ఎండాకాలంలోనే సగం లోతు గాడి పడింది. ఇప్పటి ముక్క 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకి గట్లు తెగి బురదలో తిరిగినప్పుడు ఉన్నదే, దాని తర్వాత రెండు ఎండాకాలాలు కూడా దాటింది, వంపు కాడ పెంచిన రెండు ఎంఎంలో ఇంకా కొంత మిగిలే ఉండాది. ఉదయగిరి, సీతారామపురం మీదుగా భైరవకోన పోయొచ్చాం ఒకసారి, రాళ్ళ దారిలో వెనక సస్పెన్షన్ ఒక్కసారి కూడా అడుగు తగల్లేదు, చైన్ చప్పుడు కూడా లేదు. అక్కడ కొండ తొలిచిన గుళ్ళు చూడాల్సిందే, అది వేరే రివ్యూ.

బాగాలేనివి కూడా చెప్పాలి. సీటు ఎత్తు పెరిగి గట్టు మీద ఆగినప్పుడు ఒక్క కాలే ఆనుతుంది, జిగట మన్నులో ఆ ఒక్క కాలూ జారితే బండీ నేనూ గుంటలోకే. మా ఆవిడ వెనక ఎక్కడం మానేసింది, దానికి పరిష్కారం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినప్పుడు ఇలాంటివి అడుగుతారు, అది ఆలోచించుకునే దిగండి. ఇంకో సంగతి, నేను తిరిగే ప్రతి గట్టు మీదా గుంటల కాపలా వాళ్ళు రెండు మేత బస్తాలు వేసుకుని ఎక్సెల్ మోపెడ్ మీద తిరుగుతానే ఉంటారు, నా బండి వైపు ఒకసారి చూసి నవ్వుకుంటా పోతారు.

డబ్బుల లెక్క అడుగుతారు కాబట్టి: స్ప్రింగే పెద్ద ఖర్చు, లింకు పట్టీలు దాని తర్వాత. స్లైడర్, రోలర్, లేత్ కూలీ మూడూ కలిపినా ఒక మంచి టైరు ధరలో సగం కాలేదు. ముందు స్ప్రాకెట్ మళ్ళీ స్టాక్ పళ్ళకే మార్చేశా, ఇసకలో ఫస్ట్ గేరు కొంచెం ఎక్కువసేపు పట్టాల్సి వస్తుంది, అయినా సరే. ఈసారి ఫోర్కు సీళ్ళు మార్చేటప్పుడు పీవీసీ ముక్కలు తీసేసి ముందుకి కూడా సరైన స్ప్రింగులు వేయించాలి, ఆ చేతుల వణుకు అప్పటికి పోతుందేమో చూడాలి.