కోడ్ మొదట చదవాలా, రాయాలా: ఏది మేలు?

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన పిల్లలకు అందరూ చెప్పే మాట ఒకటే: "రాస్తూ పో, అదే వస్తుంది." మొదటి నెలలో మాత్రం ఈ సలహా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ నాలుగు వరుసలు చూడండి. ఇక్కడ = అంటే సమానం అని కాదు, కుడివైపు విలువను ఎడమవైపు పేరులో వేయమని.

ఎ = 5
బి = 7
ఎ = బి
బి = ఎ

చివరికి దేనిలో ఎంత ఉంటుంది? ఎ లో 7, బి లో 5 అని చెప్పే కొత్తవాళ్లు ఎందరో. నిజానికి రెండింటిలోనూ 7 ఉంటుంది. మూడో వరుసకే ఎ లోని 5 చెరిగిపోయింది. ఇది తెలివితక్కువతనం కాదు. విలువలు తారుమారు చేయాలన్న మన ఉద్దేశం కంప్యూటర్‌కు అర్థమైపోతుందని మనసు నమ్ముతుంది. యంత్రం లోపల మన మనసెరిగిన బుద్ధి ఏదో ఉందన్న ఈ భ్రమ గురించి విద్యా పరిశోధకుడు రాయ్ పీ 1986లోనే రాశారు.

నేరుగా రాయడానికి కూర్చున్న విద్యార్థిలో ఈ భ్రమ బయటపడదు. ప్రోగ్రామ్ పనిచేయకపోతే అక్కడొకటి, ఇక్కడొకటి మారుస్తాడు. ఎలాగో నడిస్తే చాలు, ముందుకు వెళ్లిపోతాడు. అదే కాగితం మీద ఎ, బి అని రెండు గళ్లు గీసి, ఒక్కో వరుసకూ పాత విలువ కొట్టేసి కొత్తది వేయమనండి. పొరపాటు నిమిషంలో కంటికి కనిపిస్తుంది.

2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ పరిశోధక బృందం నాలుగు విశ్వవిద్యాలయాల్లో 216 మంది విద్యార్థుల చేత ప్రోగ్రాములు రాయించి పరీక్షిస్తే, 110 మార్కులకు సగటున వచ్చినవి దాదాపు 23. సమస్యను విడదీసి ఆలోచించడం రాకపోవడమే కారణమని అప్పుడు అనుకున్నారు. 2004లో రేమండ్ లిస్టర్ బృందం ఏడు దేశాల విద్యార్థులకు చిన్న చిన్న కోడ్ ముక్కలిచ్చి, ఫలితం ఏమిటో చెప్పమంది. చాలామంది అక్కడే తడబడ్డారు. చదవడమే రానివాళ్లను రాయమంటున్నామన్న మాట!

అయితే చదవడానికీ ఒక ప్రమాదం ఉంది. ఇంకొకరి కోడ్ చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఖాళీ తెర ముందు కూర్చుంటేనే ఎంత వచ్చో తేలుతుంది. పైగా మనం రాసినది నడిచినప్పుడు కలిగే ఆనందం చదివితే రాదు. గణిత శాస్త్రవేత్త సేమూర్ పాపర్ట్ పిల్లలకు పరిచయం చేసిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాషలో, తెర మీది తాబేలు బొమ్మను నడిపిస్తే దక్కేది ఆ ఆనందమే.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మూడో దారి ఒకటుంది: రికార్డులో ప్రోగ్రామ్ ఎక్కించి, ల్యాబ్ పరీక్షకు బట్టీ పట్టడం. అది చదవడమూ కాదు, రాయడమూ కాదు. ఆరోహణ క్రమం బదులు అవరోహణలో అమర్చమంటే చాలు, చెయ్యి ఆగిపోతుంది. మార్చాల్సింది తరచుగా ఒక్క గుర్తే. ఆ గుర్తు ఎక్కడుందో తెలియక పిల్లలు బిక్కమొహం వేస్తుంటే నాకు బాధేస్తుంది.

కాబట్టి కొత్తవాళ్లకు చదవడమే ముందు. విద్యా పరిశోధకులు జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితంలో చూపింది కూడా ఇదే: సొంతంగా కుస్తీ పట్టినవాళ్ల కన్నా, చేసి చూపిన లెక్కలను చదివినవాళ్లు అలాంటి లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. కానీ ఈ మేలు ఎల్లకాలం ఉండదు. అనుభవం వచ్చినవారికి అవే ఉదాహరణలు అడ్డు తగులుతాయి. ఇప్పటికే ఒక భాష బాగా వచ్చినవారు నేరుగా రాయడమే మంచిది. కొత్తవాళ్లు మాత్రం ఒక లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) ఐదు చుట్లు తిరిగేసరికి ఏ గడిలో ఏముంటుందో పెన్సిల్ ఆగకుండా నింపగలిగిన రోజున పుస్తకం మూసి, అదే లూప్ సొంతంగా రాయాలి.