పది వరుసల్ని ఒకే గడిలో పెట్టాలంటే: స్ట్రింగ్ యాగ్ మేలా, ఎక్స్‌ఎంఎల్ పాత్ మేలా?

ఒక ఆర్డర్‌లో పది వస్తువులుంటే టేబుల్‌లో పది వరుసలుంటాయి, రిపోర్ట్ అడిగినవాళ్లకేమో అవన్నీ కామాలతో ఒకే గడిలో కావాలి. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ పనికి చాలాకాలం స్టఫ్ (టెక్స్ట్‌లో ఒక ముక్క తీసి వేరేది పెట్టే ఫంక్షన్), ఫర్ ఎక్స్‌ఎంఎల్ పాత్ (వరుసల్ని ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల రూపంలో ఇచ్చేది) జోడీయే దిక్కు. 2017 వెర్షన్‌తో వరుసల్ని నేరుగా కలిపే స్ట్రింగ్ యాగ్ (STRING_AGG) ఫంక్షన్ వచ్చింది. మీ సర్వర్ అదో, ఆ తర్వాతదో అయితే ఇంకేం ఆలోచించకుండా దాన్నే వాడండి.

ఎక్స్‌ఎంఎల్ పాత్ అసలు ఈ పనికోసం పుట్టిందే కాదు. ట్యాగ్ పేరు ఖాళీగా ఇచ్చి దానిచేత మనం బలవంతంగా చేయిస్తున్నాం, మొదట్లో మిగిలిపోయే కామాని స్టఫ్‌తో తీసేస్తున్నాం. పేరులో ఎక్కడైనా ఆంపర్‌సాండ్ (&) గుర్తు ఉందా, అది ఎక్స్‌ఎంఎల్ కోడ్‌గా మారి రిపోర్ట్‌లో చెత్తలా కనబడుతుంది. ఫర్ ఎక్స్‌ఎంఎల్ పాత్ చివర టైప్ (TYPE) అనే పదం చేర్చి, ఫలితాన్ని వాల్యూ మెథడ్‌తో మామూలు టెక్స్ట్‌గా బయటికి తీస్తే ఆ గొడవ ఉండదు, కానీ నెట్‌లోంచి కాపీ కొట్టే కోడ్‌లో చాలాసార్లు ఆ ముక్కే ఉండదు, టెస్ట్ డేటాలో అలాంటి పేర్లూ ఉండవు కాబట్టి లైవ్‌కి వెళ్లేదాకా ఎవరికీ తెలీదు. పాత సర్వర్ తప్పదంటే ఇదే వాడండి, ఆ ముక్క మాత్రం మరవకండి.

స్ట్రింగ్ యాగ్‌కీ తిక్కలున్నాయి. మామూలు వార్‌చార్ (టెక్స్ట్) కాలమ్ ఇస్తే ఫలితం 8000 బైట్లు దాటగానే ఎర్రర్ కొడుతుంది, ముందే వార్‌చార్ మ్యాక్స్ టైప్‌లోకి మార్చి ఇవ్వాలి. లోపల డిస్టింక్ట్ (డూప్లికేట్లు వద్దని చెప్పే మాట) రాయనివ్వదు, సబ్‌క్వెరీలో డూప్లికేట్లు తీసేయాలి. నల్ (ఏమీ లేని) విలువల్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. వరుసక్రమం కావాలంటే వితిన్ గ్రూప్ రాయాల్సిందే.

వేరియబుల్‌కి ఒక్కో వరుసా కలుపుకుంటూ పోయే పద్ధతి ఇంకొకటుంది. దాని జోలికి పోవద్దు, ఆర్డర్ బై (వరుసక్రమం చెప్పే మాట) పెడితే ఒక్కోసారి చివరి వరుస ఒక్కటే మిగులుతుంది.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో ఈ తలనొప్పులు తక్కువ, స్ట్రింగ్ యాగ్ లోపలే డిస్టింక్ట్, ఆర్డర్ బై రెండూ రాసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇదే పని చేసే గ్రూప్ కాన్‌క్యాట్‌లోనూ అంతే, కాకపోతే డిఫాల్ట్‌గా 1024 బైట్ల దగ్గర కోసేసి ఒక వార్నింగ్‌తో సరిపెడుతుంది, అది చదివేదెవరు? ఒరాకిల్ డేటాబేస్‌లో ఇలాంటిదే అయిన లిస్ట్‌యాగ్ పరిమితి దాటితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, నాకైతే అదే నయం.

ఏది వాడినా చూపించేటప్పుడే కలపండి. కలిపినదాన్ని టేబుల్‌లో దాచారంటే రేపు అందులో ఒక్క వస్తువుని వెతకడానికి రెండు వైపులా పర్సంటేజ్ గుర్తులతో లైక్ (పోలికతో వెతికే షరతు) రాయాలి, మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) ఉన్నా నేరుగా వెతకడానికి పనికిరాదు.