ఎమ్మెస్సీకి అప్లైడ్ మ్యాథ్సా, స్టాటిస్టిక్సా?

మా అన్నయ్య కూతురు డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివింది. ఇప్పుడు సీపీగెట్‌లో (తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్షలో) ఏ సబ్జెక్టు పేపరు రాయాలన్నది దాని టెన్షన్. "రెండూ లెక్కలేగా బాబాయ్, ఏదైతేనేం?" అంది.

ఏదైనా ఒకటే కాదని చెప్పడానికి నాకు హైదరాబాద్ మూసీ నది గుర్తొచ్చింది. గండిపేట చెరువు గేట్లు ఎత్తితే ఆ నీళ్లు చాదర్‌ఘాట్‌కి ఎన్ని గంటల్లో, ఎంత ఎత్తున వస్తాయి? ఇది అప్లైడ్ మ్యాథ్స్ ప్రశ్న. నది వాలు, వెడల్పు, అడుగున గరుకు అన్నీ పెట్టుకుని అవకలన సమీకరణాలు (ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పే సమీకరణాలు) రాస్తారు. అవి చేత్తో తేలవు, న్యూమరికల్ పద్ధతులతో, అంటే దగ్గరి విలువలు లెక్కగట్టుకుంటూ, కంప్యూటర్ మీద సాధించాలి. మరి 1908 సెప్టెంబరులో ఊరిని ముంచినలాంటి వరద మళ్లీ వచ్చే అవకాశం ఎంత? ఇది స్టాటిస్టిక్స్. అంత పెద్ద వరదలు రికార్డుల్లో ఒకటో రెండో ఉంటాయి కాబట్టి, జవాబుతో పాటు అది ఎంత అటూఇటూ కావచ్చో కూడా చెప్పాలి. "వందేళ్ల వరద" అంటే ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని. లెక్కేస్తే 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. ఒడ్డున ఇల్లు కొనేవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు!

ఉద్యోగాలకొస్తే, లెక్చరర్ కావాలనుకుంటే మ్యాథ్సే మేలు. ఎంపీసీ ఉన్న ప్రతి జూనియర్ కాలేజీకీ లెక్కల సారు కావాలి. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వ గణాంక ఉద్యోగాలు) మీద కన్నుంటే మాత్రం ఇంకో ఆలోచన వద్దు, ఆ పరీక్షలో ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ పోను మిగతా నాలుగు పేపర్లూ స్టాటిస్టిక్సే. డేటా ఉద్యోగాలకి కోడింగ్ వస్తే రెండు దారుల్లోనూ చేరుకోవచ్చు, కాకపోతే స్టాటిస్టిక్స్ వాళ్లకి దూరం తక్కువ.

ఉస్మానియాలో రెండూ ఉన్నాయి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ క్యాంపస్‌లోని గణిత సంస్థకి పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరే పెట్టారు. ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చేశాకే కలకత్తా వెళ్లి 1943లో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. తీసుకున్నారు.

కచ్చితమైన జవాబు రాకపోయినా నిద్రపట్టే రకం మా పిల్ల, అందుకే నా ఓటు స్టాటిస్టిక్స్‌కి వేశాను. రియల్ అనాలిసిస్ (లిమిట్లు, కంటిన్యుటీ లాంటివాటిని రుజువులతో చదివే సబ్జెక్టు) తప్పించుకోవచ్చని మాత్రం అటు పోవద్దన్నాను, అది అక్కడా ఉంటుంది. దాని మొహం చూస్తే అసలు కారణం అదేనేమో అనిపించింది.