గేమ్ మాస్టర్లు చూడాల్సిన కోట: గెదెలోన్

టేబుల్‌టాప్ ఫాంటసీ ఆటల్లో, అంటే బల్ల చుట్టూ కూర్చుని గేమ్ మాస్టర్ నడిపే ఊహాకథలో పాత్రలుగా ఆడే ఆటల్లో, కోట ఎప్పుడూ ముందే కట్టడం పూర్తయి ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో, ట్రెన్యీ ఊరి దగ్గర ఉన్న గెదెలోన్ ఆ అలవాటు మాన్పిస్తుంది. 13వ శతాబ్దపు పద్ధతుల్లో 1997 నుంచి కడుతున్న కోట ఇది. రాయి, కలప, ఇసుక, మట్టి చాలావరకు అక్కడివే.

ముందు కొలిమి దగ్గర ఆగండి. రాయి చెక్కితే ఉలి మొన మొద్దుబారుతుంది, కమ్మరి మళ్లీ కాల్చి సాగగొట్టి పదును పెట్టాలి. అంటే శత్రువు గోడ కూల్చనక్కర్లేదు, కమ్మరిని ఎత్తుకుపోతే చాలు, పని ఆగుతుంది. ఇంతకంటే మంచి సాహసయాత్ర ఏముంటుంది!

తర్వాత 13 ముడుల తాడు. మధ్యలో 12 సమాన భాగాలు. 3, 4, 5గా త్రిభుజం లాగితే లంబకోణం వస్తుంది. అంకెలు రాని మేస్త్రీ పాత్రకు ఇది చక్కటి సాధనం. తడిస్తే జనపనార తాడు కుంచించుకుపోతుంది: అంతటా సమానంగా తడిస్తే కోణం నిలుస్తుంది, కొలత మాత్రం తప్పుతుంది.

బరువులెత్తే చక్రంలో మనుషులు నడుస్తారు. చూసి తీరాలి.

సున్నపు గార పూర్తిగా గట్టిపడకముందే మంచు పట్టిందా, లోపలి నీరు గడ్డకట్టి పగులుతుంది. అందుకే చలికాలంలో గోడ పని ఆగుతుంది. మీ ఆట క్యాలెండర్‌లో ఆ నెలలు వేరుగా గుర్తించండి.

లోటు ఒకటే. ఇక్కడివాళ్లు జీతం తీసుకునే ఉద్యోగులు, రక్షణ బూట్లు వేసుకుంటారు. వెట్టి, పన్నులు, ప్రభువుతో తగాదాలు కనిపించవు. వాటిని వేరే చోట చదువుకోవాలి.