వెండిలో వైట్ ఫైవర్: బిళ్ల కొనండి, రేకు వద్దు

బ్రిటిష్ పాత నోట్లకు వెండి నకళ్లు రెండు రకాలు. స్టెర్లింగ్ వెండి (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి) బిళ్ల మీద నోటు బొమ్మను అచ్చొత్తినవి ఒకటి, పల్చటి రేకు మీద ముద్రించినవి ఇంకొకటి.

బిళ్లల్లో మొదటి మార్కు వైట్ ఫైవర్‌కే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1793లో మొదలుపెట్టి 1957 దాకా జారీ చేసిన ఐదు పౌండ్ల నోటు అది. తెల్ల కాగితం, నల్ల సిరా, ఒకవైపే ముద్రణ. రంగే లేదు కాబట్టి వెండిలోకి వచ్చినా పోయేదేమీ లేదు. ఎడమ పైమూలన బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా గీసే స్త్రీమూర్తి), కింద గొలుసుకట్టు రాత, అంతా గీతల పనే. అసలు నోటు 21 సెం.మీ. పొడవు, దాన్ని చిన్న బిళ్లలోకి కుదించేటప్పుడు తేడా అంతా అచ్చులోనే తెలిసిపోతుంది. భూతద్దం పెట్టి అక్షరాల మధ్య ఖాళీలు చూడండి. పూడుకుపోయి ఉంటే వదిలేయండి. నోటు మీది తేదీకీ, బ్యాంకు చీఫ్ క్యాషియర్ సంతకానికీ పొత్తు కుదరాలి: 1934–49 పెప్పియాట్, 1949–55 బీల్, ఆ తర్వాత ఓబ్రయన్.

1978 నాటి, న్యూటన్ బొమ్మ ఉన్న పౌండు నోటు వెండిలో తేలిపోతుంది. రంగు మీద రంగు అల్లిన నేపథ్యం ఒకే తెలుపులో మసకగా మిగులుతుంది. 1914 ఆగస్టులో యుద్ధపు హడావిడిలో తపాలా బిళ్లల కాగితం మీదే అచ్చువేసిన బ్రాడ్‌బరీ నోటుకు (ఖజానా కార్యదర్శి బ్రాడ్‌బరీ సంతకంతో ఆ పేరు) ఆ కాగితమే అందం, అది లోహంలో రాదు.

ఇక రేకు. 15 × 7.5 సెం.మీ. రేకులో 5 గ్రాముల వెండి అంటే మందం 0.04 మి.మీ. మాత్రమే. ఒకసారి మడత పడితే పోదు. పైగా బ్రిటన్‌లో 7.78 గ్రాముల లోపు వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కనుక ఇలాంటి వాటికి సర్టిఫికెట్టే దిక్కు. బిళ్ల మీదైతే తయారీదారు అక్షరాలు, 925, పరీక్షించిన కార్యాలయం గుర్తు ఉండాలి: లండన్‌కు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు గులాబీ, ఎడిన్‌బరోకు కోట.

అనుమానముంటే అయస్కాంతాన్ని నమ్మకండి, రాగి కూడా అంటుకోదు. 0.01 గ్రాముల కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. బిళ్లను దారంతో అడుగు తగలకుండా ముంచండి. 31.1 గ్రాముల స్టెర్లింగ్ బిళ్లకు కాటా 3 గ్రాములు చూపాలి, 3.4 పైన చూపితే లోపల రాగో ఇత్తడో ఉన్నట్టే. బిళ్ల మీద ఎనామెల్ ఉంటే ఈ లెక్క పనికిరాదు.

మన ఇళ్లలో వెండి గిన్నెలకు చేసినట్టు చింతపండు, విభూది, టూత్‌పేస్టు దీనికి పెట్టకూడదు. సన్నగీతలు అరిగిపోతాయి. గీతల్లో కావాలని నింపిన నలుపును సోడా–అల్యూమినియం రేకు పద్ధతి తీసేస్తుంది, బ్రిటానియా పాలిపోతుంది. పీవీసీ కవరు, రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు దగ్గరికి రానివ్వకండి. పాలిస్టర్ కవరులో సిలికా జెల్ పొట్లంతో ఉంచితే చాలు. తిరిగి అమ్మితే మజూరీ రాదు, వెండి బరువుకే కడతారు. అందుకే ఆ రోజు వెండి ధరకు రెట్టింపు దాటితే బేరం వద్దు.