చిన్న బెడ్‌రూమ్‌లో డీహ్యూమిడిఫయర్ ఎలా పనిచేస్తోందంటే

ఏడాదంతా గాలిలో తేమ ఉండే చోట, ఒక్క కిటికీ ఉన్న చిన్న బెడ్‌రూమ్‌కి కంప్రెసర్ డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమని లాగేసే మిషన్) నిజంగా పనికొస్తుంది. మా అల్మారా వెనక గోడకి బూజు పట్టడం ఆగింది, మడతపెట్టిన దుప్పట్లకి ఆ ముక్కిన వాసన పోయింది, నాకు అదే పెద్ద రిలీఫ్. తేమ 60 శాతం దాటి ఉంటే బూజుకి పండగే, కాబట్టి 50-55 దగ్గర సెట్ చేసుకోండి.

అయితే ఇది ఏసీ కాదు. తడి గాలిని చల్లటి కాయిల్ మీదుగా లాగి తేమని నీళ్లుగా మారుస్తుంది, ఆ పనిలో పుట్టే వేడిని మళ్లీ గదిలోకే వదులుతుంది, అందుకే తలుపులు మూసిన గదిలో జిడ్డు తగ్గినా వేడి కాస్త పెరుగుతుంది. పడుకునే ముందే నడిపి ఆపేయడం మేలు, మంచం పక్కన ఆ సౌండ్ భరించడం కూడా కష్టమే. నీళ్ల ట్యాంకు నిండగానే ఆగిపోతుంది, కాబట్టి నీళ్లు బయటికి పోయేలా పైపు పెట్టుకునే వీలున్న మోడలే తీసుకోండి.

అల్మారాని మాత్రం గోడకి ఆనించకండి, రెండు మూడు అంగుళాలు జరిపితే వెనక గాలి ఆడుతుంది. గోడలోంచి నీళ్లు ఊరుతుంటే మిషన్ దండగ, ముందు లీకేజీ బాగు చేయించండి.