799 రూపాయలకు 'జీవితకాలం ఆఫీసు' కొన్నవాళ్ళు వెంటనే ఇది చదవండి

ముందే చెబుతున్నాను, కోపం మీద రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు.

మన గ్రూపుల్లో ప్రతి ఆదివారం పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం చెప్పి, దాని వెనకే 'జీవితకాలం ఆఫీసు, ఐదు కంప్యూటర్లకు, 799 మాత్రమే' అని మైక్రోసాఫ్ట్ ఆఫీసు సాఫ్ట్‌వేరు అమ్మకానికి పెట్టే ఆయన ఎవరో మీ అందరికీ తెలుసు. పేరు రాయను. రాస్తే గ్రూపు నుంచి తీసేసేది ఆయనను కాదు, నన్ను. భీమవరం, పాలకొల్లు వైపు మేత కొట్ల వాళ్ళు నాకు తెలిసి నలుగురు ఆయన దగ్గరే కొన్నారు. అందులో ఇద్దరికి నేనే చెప్పి కొనిపించాను, అదొక ఘనకార్యం.

మాది రొయ్యల మేత, మందుల కొట్టు. మేత అప్పు మీద ఇవ్వడం, పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, అయ్యాక వసూలు చేసుకోవడం. లెక్కంతా ఆ ఆఫీసులో ఉండే ఎక్సెల్‌లోనే. ఒక షీటులో రైతులు, ఒక షీటులో చెరువు వారీగా బస్తాలు, ఇంకొక షీటులో జమలు. పాత ఎక్సెల్‌తో బండి బాగానే నడిచేది. కానీ నాకు ఆశ పుట్టింది. ఇన్నేళ్ళుగా దీన్ని కూడికల యంత్రంలాగే వాడుతున్నాను, పైవట్ టేబుల్ అనేది వేస్తే ఏ చెరువుకు ఎన్ని బస్తాలు వెళ్ళాయో చిటికెలో తేలుతుందట, మనమూ నేర్చుకుందాం అనుకున్నాను. సాఫ్ట్‌వేరుకు 799, రెండు రోజుల 'ఎక్సెల్ కిటుకుల' శిక్షణకు 1500. రెండూ ఆయనకే కట్టేశాను.

శిక్షణ గురించి ఎక్కువ రాయను. లామినేషన్ చేసిన కాగితం ఒకటి ఇచ్చారు, నలభై షార్ట్‌కట్లు. మొదటిది కంట్రోల్ సి. రెండోది కంట్రోల్ వి. పైవట్ టేబుల్ 'తర్వాతి బ్యాచిలో' అన్నారు. ఉన్న మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, కంట్రోల్ టి ఒక్కటి పనికొచ్చింది. జాబితాను టేబుల్‌గా మారిస్తే కింద కొత్త వరస చేర్చినప్పుడు ఫార్ములా తనంతట తానే దిగుతుంది.

ఆ ఊపులో ఆయనే నా ఫైలులో వీలుకప్ (VLOOKUP) ఫార్ములా రాసి పెట్టాడు. రైతు కోడు, అంటే ఒక్కో రైతుకు ఇచ్చిన నంబరు, కొడితే బాకీ వచ్చేలా. బాగుందే అనుకున్నాను. నెల తిరగకుండానే, కొత్తగా ఒక చెరువు కౌలుకు తీసుకున్న కుర్రాడు మేతకు వచ్చాడు. కోడు 118. బాకీ 2,14,000 అని చూపించింది. నేను ఆ కుర్రాడి ముఖం మీదే, పాత బాకీ ఇంత పెట్టుకుని మళ్ళీ అప్పు ఎలా అడుగుతావు అన్నాను. పాపం, ఆ అబ్బాయి నా దగ్గర అప్పటికి ఒక్క బస్తా కూడా కొనలేదు. అది 117 కోడు రైతు బాకీ. కొత్త కోడు బాకీల జాబితాలోకి ఇంకా ఎక్కలేదు. దొరకనప్పుడు దొరకలేదని చెప్పాలి కదా? ఫార్ములాలో నాలుగో స్థానంలో సున్నా గానీ ఫాల్స్ గానీ పెట్టకపోతే ఎక్సెల్ అలా చెప్పదు. జాబితా వరస క్రమంలో ఉందని నమ్మి, కొట్టిన కోడు కంటే చిన్నదైన దగ్గరి కోడు పట్టుకుని, దాని బాకీ తెచ్చి పెడుతుంది. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు. కిటుకులు నేర్పే మనిషికి ఆ సున్నా సంగతి తెలియదు. నేను ఆ రోజే మేలుకోవాల్సింది. మేలుకోలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు వేరే కొట్టులో కొంటున్నాడు.

ఇక అసలు సంగతి. మొన్న గురువారం పొద్దున ఫైలు తెరవబోతే పైన ఎర్ర పట్టీ, లైసెన్సు లేదని. ఫోల్డర్‌లో ఫైళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, ప్రతి పేరు పక్కన చిన్న నీలం మేఘం బొమ్మ. ఏది నొక్కినా పాస్‌వర్డ్ అడుగుతోంది, కొడితే అకౌంటు ఆపేశారు అంటోంది. ఆ మేఘం ఎలా వచ్చిందో తర్వాత గుర్తొచ్చింది. సంక్రాంతికి ఆయన మా ఇంటికి వచ్చాడు. అరిసెలు తిన్నాడు. "లాప్‌టాప్ నెమ్మదించింది బాబాయిగారండీ, స్థలం ఖాళీ చేస్తాను" అని ఏదో నొక్కాడు. నా డిస్కులో ఉన్న కాపీలు తీసేసి, ఇంటర్నెట్‌లో ఆ అకౌంటు కింద ఉన్నవి మాత్రమే మిగిల్చాడన్నమాట. ఆకుపచ్చ టిక్కు ఉంటే ఫైలు మన దగ్గర ఉన్నట్టు, నీలం మేఘం ఉంటే లేనట్టు. ఇంత చిన్న ముక్క తెలియక ఏడాది లెక్కలు గాలిలో పెట్టాను.

ఫోను చేశాను. తొమ్మిదోసారికి, అంటే నిన్న మధ్యాహ్నం, ఎత్తాడు. సంక్రాంతికి బాబాయిగారండీ అన్న నోరు "చెప్పండి సార్" అంది.

"బాబూ, అకౌంటు ఆగిపోయింది. ఫైళ్ళు తెరుచుకోవడం లేదు."

"అవును సార్, ఆ లాట్ పోయింది. చాలామందికి పోయింది."

లాట్! మేము రొయ్య పిల్లలను లాట్ అంటాం. నా లెక్కల పుస్తకం కూడా లాటేనని నాకు అప్పటిదాకా తెలియదు.

"జీవితకాలం అన్నావు కదయ్యా?"

"జీవితకాలం అంటే అకౌంటు జీవితకాలం సార్. మీ జీవితకాలం కాదు."

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకే నాకు ఈ మంట. నా దగ్గర పనిచేసే కుర్రాడు పక్కనే బస్తాలు దించుతున్నాడు, స్పీకరులో అంతా విన్నాడు.

నా లెక్కలు ఏం చేయమంటావు అంటే, "బ్యాకప్ మీ బాధ్యత సార్, మెసేజ్‌లో చివర రాశాం కదా" అన్నాడు. వెతికి చూశాను. నిజమే, ఉంది. గులాబీ దాటి, దండాలు దాటి, 'మరింత చదవండి' నొక్కితే అట్టడుగున. తర్వాత మాట వినండి: "కొత్త లాట్ వచ్చింది, 999. పాత కస్టమర్ కదా, మీకు 899కి ఇస్తాను." పెట్టేశాను. మళ్ళీ చేస్తే నా నంబరు బ్లాక్ చేశాడు.

తణుకులో ఉండే మా మేనల్లుడు సాఫ్ట్‌వేరు మనిషి, వాడు విడమరచి చెప్పాడు. ఇవి కాలేజీలకు, సంస్థలకు ఇచ్చే అకౌంట్లు. వాటికి యజమాని కొన్న మనం కాదు, ఆ సంస్థ. ఎవరో అడ్డదారిలో సృష్టించి చిల్లరగా అమ్ముతారు. సంస్థ కనిపెట్టిన రోజున తీసేస్తుంది. తీసేసిన అకౌంటులోని ఫైళ్ళు మామూలుగా 30 రోజులు ఉంటాయట, కానీ తిరిగి ఇప్పించగలిగేది ఆ సంస్థ అడ్మినిస్ట్రేటరు మాత్రమే. నా లాగిన్‌లో ఎట్ గుర్తు తర్వాత ఏదో విదేశీ కాలేజీ పేరు ఉండేది. రోజూ చూశాను, ఒక్కరోజు అడగలేదు. ఇప్పుడు ఆ కాలేజీకి ఏమని ఉత్తరం రాయను? అయ్యా, మీ దగ్గర దొంగదారిన చేరిన విద్యార్థిని, నా రొయ్యల మేత బాకీలు ఇప్పించండి అనా?

ఆడిటరుగారికి జూన్‌లో మెయిల్ చేసిన ఫైలు ఒకటి దొరికింది, అదొక్కటే ప్రాణం నిలబెట్టింది. ఆ తర్వాతవన్నీ చిట్టీలు చూసి ఎక్కించుకుంటున్నాం, నేనూ మా ఆవిడా నేల మీద కూర్చుని. అసలే అమెరికా సుంకాల దెబ్బ తగిలినప్పటి నుంచి వసూళ్ళు అంతంతమాత్రం. సంగతి తెలిసి ముగ్గురు రైతులు తమంతట తాము వచ్చి బాకీ ఎంతో చెప్పారు. ఇద్దరు తమకు బాకీ లేదని చెప్పారు.

ఆయన దగ్గర కొన్నవాళ్ళు ఇప్పుడే ఎక్సెల్ తెరిచి, ఫైల్ నొక్కి, అకౌంట్‌లోకి వెళ్ళండి. బిలాంగ్స్ టు అని ఉన్నచోట మీది కాని చిరునామా కనిపిస్తే ఈ రాత్రికే ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి దించుకోండి. కొనే స్తోమత లేకపోతే లిబ్రే ఆఫీసు ఉచితం, ఎక్సెల్ ఫైళ్ళు తెరుస్తుంది. 1500 కట్టినా రాని పైవట్ టేబుల్‌ను మేనల్లుడు అందులోనే ఫోనులో పది నిమిషాల్లో చూపించాడు. చెరువు పేరు వరసల్లోకి, బస్తాలు డేటా గడిలోకి లాగడమే. వీలుకప్ చివర సున్నా మరవకండి. సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చెప్పాను, వివరాలు రాసుకున్నారు. వినియోగదారుల ఫిర్యాదుకు 1915 ఉంది, సోమవారం దానికీ చేస్తాను.

రేపు ఆదివారం. నన్ను బ్లాక్ చేసినా గ్రూపులో గులాబీ పువ్వు కనబడుతుంది. ఈసారి 999 అని ఉంటుంది, చూసుకోండి.